పశ్చిమ ప్రకాశంలో నీటి లెక్క: కంభం తూము నుంచి పీజోమీటరు దాకా

పశ్చిమ ప్రకాశంలో కరువు ముదిరితే ముందు ఊళ్ళోకి బోరు బండి వస్తుంది, కొన్నాళ్ళకు నీళ్ళ ట్యాంకర్ వస్తుంది. ఈ రెండిటికంటే ముందు రావాల్సింది నేల కింద ఎన్ని నీళ్ళు మిగిలాయనే లెక్క. ఆ లెక్క తీసే ఏర్పాటు ఇక్కడ చాలా ఏళ్ళుగా ఉంది. అయినా రైతు విత్తనం కొనేలోపు అది అతనికి తెలియడం లేదు.

గుండ్లకమ్మ, మూసీ, పాలేరు, మన్నేరు... ఇక్కడి ఈ ఏర్లలో ఏదీ ఏడాది పొడవునా పారదు. నల్లమలలో గట్టి వాన పడితే గుండ్లకమ్మ ఉరుకుతుంది, లేకపోతే ఇసుకే. అందుకే పూర్వం నీళ్ళ లెక్కంటే చెరువు లెక్కే. విజయనగర కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన కంభం చెరువులో నీళ్ళెంత దిగాయో తూము దగ్గర నిలబడితే తెలుస్తుంది. మోట బావిలోనూ అంతే, తొంగి చూస్తే చాలు.

బోర్లు వచ్చాక నీళ్ళు కంటికి కనపడకుండా పోయాయి. ఇక్కడ కింద ఉన్నది చాలావరకు గట్టి రాయి, దాని పగుళ్ళలోనే నీళ్ళు. ఒక చేలో పడిన నీళ్ళు పక్క చేలో పడవు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పాయింటు చూసినా, అప్పు చేసి వందల అడుగులు దింపినా దుమ్మే లేచిన బోర్లు ఎన్నో. 2002లో వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) బోర్లకు అనుమతి తప్పనిసరి చేసింది. 2004లో ఉచిత కరెంటు వచ్చింది. రైతుకు అది అవసరమే, కాదనను. కానీ తోడుతున్న నీళ్ళను కొలిచే ఏర్పాటు దానితో పాటు రాలేదు.

లోతుకు పోయేకొద్దీ ఇంకో ప్రమాదం ఉంది. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లో, దేశంలోనే మొదటిసారిగా ఫ్లోరోసిస్‌ను, అంటే నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళనూ ఎముకలనూ దెబ్బతీసే జబ్బును, ఇక్కడే గుర్తించారు. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. కరువులో పై నీళ్ళు ఎండి, రాతిలో ఏళ్ళ తరబడి నిలవుండి ఫ్లోరైడ్ పట్టిన నీళ్ళు పైకి వస్తాయి. కాబట్టి మట్టం ఒక్కటే చూస్తే చాలదు, ఆ నీళ్ళు తాగొచ్చా అన్నదీ చూడాలి. ఇంత బాధ పడిన ప్రాంతంలో ఇది ప్రతి వేసవిలో జరిగి తీరాల్సిన పని.

కేంద్ర భూగర్భజల బోర్డు 1970లో ఏర్పడింది. పరిశీలన బావుల్లో ఏడాదికి నాలుగుసార్లు మట్టం చూస్తుంది. 1995లో మొదలైన హైడ్రాలజీ ప్రాజెక్టుతో, తోడడానికి కాక మట్టం కొలవడానికే వేసిన బోర్లు, అంటే పీజోమీటర్లు, వాటిలో ఆటోమేటిక్ రికార్డర్లు వచ్చాయి. ఈ అంకెలన్నీ ఆఫీసుల్లోకి చేరాయి.

ఇలాంటి లెక్కను ఊళ్ళోకి తెచ్చిన ప్రయత్నం 2003లో మొదలైంది: రైతులే నడిపే భూగర్భజల పథకం. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో స్వచ్ఛంద సంస్థలు ఏడు కరువు జిల్లాల్లో దీన్ని నడిపాయి. ప్రకాశం వాటిలో ఒకటి. ఆడా మగా రైతులు వాన ఎంత పడిందో రోజూ రాసుకునేవారు. పదిహేను రోజులకోసారి బోరులోకి టేపు దింపి మట్టం చూసేవారు. డ్రమ్ము ఎంతసేపట్లో నిండుతుందో గడియారం పెట్టి చూసి, బోరు ఎంత పోస్తుందో తేల్చేవారు. ఆ అంకెలు ఊళ్ళో బోర్డు మీదికి ఎక్కేవి. రబీకి ముందు అందరూ కూర్చుని, వాన నేలలోకి ఎంత నీరు దించింది, ఖరీఫ్‌లో ఎంత తోడాం, వేయాలనుకున్న పంటలకు ఎంత కావాలి అని లెక్క కట్టేవారు. వరి మానమని ఎవరూ హుకుం చేయలేదు. తేడా చూసి చాలామంది వాళ్ళంతట వాళ్ళే వరి తగ్గించి ఆరుతడి పంటలకు మళ్ళారు. మన జిల్లాలో కరువు మీద జరిగిన పనుల్లో ఇంత విలువైనది ఇంకొకటి లేదని నా నమ్మకం. ఆ దశాబ్దం ముగిసేసరికి ప్రాజెక్టు కాలం అయిపోయింది.

2016 నాటి కేంద్ర కరువు మాన్యువల్ వానతో పాటు జలాశయాల నిల్వనూ, భూగర్భ జలాన్నీ, ఏటి ప్రవాహాన్నీ చూడమంటుంది. మంచిదే. కానీ అది మండలాన్ని కరువు జాబితాలో చేర్చడానికి పనికొచ్చే లెక్క. అప్పటికి పంట ఎండిపోయి ఉంటుంది. బత్తాయి తోట పెట్టిన రైతుకైతే ఏళ్ళ కష్టం కూడా పోతుంది. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళు వచ్చినా ప్రతి చేనుకూ కాలవ రాదు, బోర్లు ఉంటూనే ఉంటాయి. ఇప్పుడు పీజోమీటర్ల అంకెలు నేరుగా కంప్యూటర్లకు చేరుతున్నాయి. వాటిని అక్టోబరులో, శనగ విత్తనం కొనేముందే, ప్రతి రైతు సేవా కేంద్రం గోడ మీద తెలుగులో రాసిపెట్టాలి. పక్కనే నిరుటి మట్టం కూడా ఉండాలి.