జంట జలాశయాలకు నీళ్లొచ్చే తీరు ఎందుకు మారింది

1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాద్‌ను ముంచెత్తింది. అప్పుడు శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాల వాన పడింది. పైన 221 చెరువులు తెగాయి. ఒక చెరువు నీళ్లు కింది చెరువు కట్టను తెంచుతూ ఊరి మీద పడ్డాయి. దాదాపు 15 వేల మంది ప్రాణాలు పోయాయి. వరదను ఊరికి పైనే ఆపి, నది మోయగలిగినంతే వదలాలని మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచించారు. అలా మూసీ మీద 1920లో ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీ మీద 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. జంట జలాశయాలంటే ఇవే.

వరదను ఆపాలంటే జలాశయంలో ఖాళీ ఉండాలి. తాగునీళ్లివ్వాలంటే నిండుగా ఉండాలి. ఈ రెండింటికీ మొదటి నుంచీ పొసగదు. పైనున్న నేల మారేకొద్దీ ఈ చిక్కు మరింత ముదిరింది.

హిమాయత్ సాగర్ లెక్కే చూడండి. దాని పరీవాహక ప్రాంతం, అంటే వాన నీరు అందులోకి పారే నేల, సుమారు 1,300 చదరపు కిలోమీటర్లు. ఆ నేల మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 4.6 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). జలాశయంలో పట్టేది 2.97 టీఎంసీలే. పడిందంతా రాదు కాబట్టి కట్ట నిలుస్తోంది. పదో వంతు పారితే అర టీఎంసీ కూడా రాదు. మూడో వంతు పారితే ఒక్క వానకే జలాశయం సగం నిండుతుంది. అంటే ఎంత వాన పడిందన్నదానితో పాటు, అందులో నేల ఎంత వదిలిందన్నదీ చూడాలి.

బోర్లు పెరిగి భూగర్భజలం దిగిపోయింది. ఒకప్పుడు వాగుల్లోకి ఊరే నీరు ఇప్పుడు ఊరడం లేదు. జూన్, జులై చిన్న వానలను ఎండిన నేల, చెక్‌డ్యామ్‌లు, కుంటలే తాగేస్తున్నాయి. ఇందులో రైతు తప్పేమీ లేదు, ఆ నీటితోనే ఆయన పంట పండింది. 1996 నాటి ప్రభుత్వ ఉత్తర్వు జీవో 111 ఈ జలాశయాల చుట్టూ భవనాలు రాకుండా ఆపాలని చూసింది, అదీ 84 గ్రామాల్లోనే. సేద్యానికి అడ్డు లేదు కాబట్టి బోర్లు ఆగలేదు. 2022లో జీవో 69తో ఆ ఆంక్షలనూ సడలించారు.

పెద్ద వానకు మాత్రం ఇదే నేల పూర్తిగా ఎదురు తిరుగుతుంది. లేఅవుట్ల సిమెంటు రోడ్ల మీద నీరు ఇంకదు. వాగుకు అడ్డంగా రోడ్డు వేసి కింద రెండు తూములు పెడతారు. చెత్తతో అవి పూడుకుంటాయి. నీరు వెనక్కి నిలిచి, రోడ్డు తెగగానే ఒక్కసారిగా దూకుతుంది. వాతావరణం వేడెక్కేకొద్దీ కొద్ది గంటల్లో కుమ్మరించే వానలు ఎక్కువవుతున్నాయి. 2020 అక్టోబరులో వచ్చిన వాయుగుండం అలాంటిదే. సీజను చివర, జలాశయాలు నిండే వేళ వచ్చింది. హిమాయత్ సాగర్ గేట్లెత్తక తప్పలేదు.

గేట్ల దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. ఇన్‌ఫ్లోను, అంటే జలాశయంలోకి వచ్చే నీటిని, నేరుగా కొలవలేనప్పుడు, గంటకు నీటిమట్టం ఎంత పెరిగిందో చూసి, పట్టికలో దానికెంత నీరో వెతికి, వదిలిన నీటిని కలుపుతారు. పూడిక చేరాక పాత పట్టిక ఎక్కువ నీరు చూపిస్తుంది. దాంతో ఇన్‌ఫ్లో అంచనాతో పాటు మిగిలిన ఖాళీ లెక్కా తప్పుతుంది. అందుకే జలాశయం అడుగుభాగాన్ని కొలిచే సర్వే వాయిదా వేయకూడదు.

ఒక టీఎంసీ ఖాళీ చేయాలంటే రోజంతా 11,574 క్యూసెక్కులు (సెకనుకు అన్ని ఘనపుటడుగులు) వదలాలి. ఉస్మాన్ సాగర్ నుంచి అంతకన్నా చాలా తక్కువ వదిలినా నార్సింగి, మంచిరేవుల మధ్య సర్వీసు రోడ్డు మూసేయాల్సి వస్తుంది. నెమ్మదిగా వదలాలంటే ముందే మొదలుపెట్టాలి. కట్ట దగ్గర మట్టం పెరిగేదాకా ఆగితే ఆ వ్యవధి దొరకదు. ఎగువనున్న శంకర్‌పల్లి, షాబాద్ వానమాపకాల్లో అంకె కదలగానే గేటు గురించి నిర్ణయం జరగాలి.