బీల దగ్గర మొదలైన లెక్క

సాలూరు కొండల్లో కురుకుట్టి, కర్రివలస. 2022 దాకా విజయనగరం జిల్లా ఊళ్లే, ఇప్పుడు పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. రెండుచోట్లా పంప్డ్ స్టోరేజీ, అంటే నీళ్లు కొండ మీదికి తోడి కరెంటు దాచే ప్రాజెక్టులకు ఆ ఏడాది డిసెంబరులోనే రాష్ట్ర మంత్రివర్గం సరేనంది. ఒకటి 1,200 మెగావాట్లు, ఇంకొకటి 1,000. బొగ్గు కాదు, పొగ రాదు, మరి గిరిజనులు ఎందుకు వద్దంటున్నారని విజయనగరంలో చదువుకున్నవాళ్లే అడుగుతున్నారు. జవాబు కావాలంటే ఓసారి కొండ దిగి శ్రీకాకుళం జిల్లా సోంపేట వెళ్లాలి.

అక్కడి బీలను, అంటే చిత్తడి నేలను, రోడ్డు మీంచి చూస్తే నీళ్లు నిలిచిన బీడులా ఉంటుంది. సర్కారు కంటికీ అలాగే కనిపించింది. దిగి చూస్తే చేప, పశువులకు గడ్డి, చాపలకు జమ్ము, చుట్టుపక్కల వరిమళ్లకు తడి. అందులో 2,640 మెగావాట్ల థర్మల్ ప్లాంటు కడతామన్నారు. వద్దని అడ్డుపడ్డ జనం మీద 2010 జులై 14న పోలీసులు జరిపిన కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ రద్దు చేసింది కూడా ఆరోజే. ఆ తీర్పేదో ఒక్కరోజు ముందు వచ్చి ఉంటే! మరుసటి ఏడాది ఫిబ్రవరి 28న అదే జిల్లా కాకరాపల్లి తంపరలోనూ (అదీ చిత్తడి నేలే, అక్కడా థర్మల్ ప్లాంటు గొడవే) తుపాకులు పేలాయి.

అప్పట్లో బొగ్గు తప్ప గతి లేదనేవారు. నిజానికి జాతీయ సోలార్ మిషన్ మొదలైంది ఆ 2010 జనవరిలోనే. కాకపోతే ఆ ఏడాది వేలంలో సోలార్ ప్యానెళ్ల కరెంటుకు అతి తక్కువ ధర యూనిట్‌కు 10 రూపాయల 95 పైసలు. ఎవరు కొంటారు? పదేళ్లు తిరిగేసరికి, 2020 డిసెంబరులో, గుజరాత్ వేలంలో అదే సోలార్ రూపాయి 99 పైసలకు దిగింది. 2030కి బొగ్గు, గ్యాసు కాని కరెంటు సామర్థ్యం 500 గిగావాట్లకు చేర్చాలన్న దేశం లక్ష్యానికి ధైర్యం ఇచ్చింది ఈ పతనమే.

చిక్కల్లా పొద్దు గూకాకే. ఇళ్లలో లైట్లు, టీవీలు, ఏసీలు వేసే వేళకి సోలార్ పడుకుంటుంది. అందుకే కొండలు కావలసి వచ్చాయి. పైనొక చెరువు, కిందొక చెరువు. పగలు చవక కరెంటుతో నీళ్లు పైకి తోడి, సాయంత్రం టర్బైన్ల మీదుగా కిందికి వదులుతారు. నాలుగు యూనిట్లు పోస్తే మూడో, ఇంకాస్తో తిరిగొస్తాయి. అంటే ఇది కరెంటు తయారీ కాదు, దాచుకునే కొట్టు.

కొండలకు ఇది కొత్తేం కాదు. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం నడక మొదలైనప్పుడు కూడా మునిగినవి గిరిజనుల పొలాలు, వెలిగినవి పల్లపు ఊళ్లు. ఇప్పటి లెక్కలో అదీ గ్రీన్ కరెంటే. అప్పట్లో ఆ మాట లేదంతే.

చెరువులు ఒకసారి నింపితే చాలంటారు ఇంజనీర్లు. కానీ ఎండకు ఆవిరైపోయినంత నీళ్లు ఏటేటా మళ్లీ పోయాలి. అవి రావలసింది గెడ్డల్లోంచే, అంటే కొండవాగుల్లోంచే. మే నెలలో మన కొండగెడ్డల్లో బిందె ముంచాలంటే చెలమ తవ్వుకోవాలి.