మూడేళ్ల నిబంధన వెనక 77వ నంబరు జెర్సీ

హైస్కూలు ముగించి మూడేళ్లు నిండనిదే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాణ్ని అక్కడి వృత్తి లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ చేర్చుకోదు. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం ఆటగాడు మారిస్ క్లారెట్ దీనిపై కోర్టుకెక్కాడు. 2004లో కింది కోర్టులో గెలిచాడు, అప్పీలులో ఓడాడు. ఈ నిబంధన వేళ్లు 1925లో ఉన్నాయి, 77వ నంబరు జెర్సీ వేసుకున్న ఇలినాయ్ విశ్వవిద్యాలయం హాఫ్‌బ్యాక్ రెడ్ గ్రాంజ్ దగ్గర.

హాఫ్‌బ్యాక్ ప్రధానంగా బంతి పట్టుకుని పరుగెత్తేవాడు. గ్రాంజ్ ఒక అంచు వైపు సాగి, ప్రత్యర్థులంతా అటు ఒరిగాక చటుక్కున రెండోవైపు ఖాళీలోకి మళ్లేవాడు. ముందే మళ్లితే ప్రత్యర్థులు ఇంకా మధ్యలోనే ఉంటారు. ఆలస్యమైతే పక్క గీత దగ్గర ఇరుక్కుపోవాల్సిందే. ఆ అరక్షణపు అంచనాలో అతనికి సాటి అరుదు. వేసవుల్లో వీటన్ ఊళ్లో ఇంటింటికీ ఐసు దిమ్మలు మోసిన కాళ్లవి!

1924 అక్టోబరు 18న మిషిగన్ జట్టు మీద, ఆట మొదలుపెడుతూ వాళ్లు తన్నిన బంతినే అందుకుని 95 గజాలు తీసుకుపోయి టచ్‌డౌన్ చేశాడు, అంటే ప్రత్యర్థి చివరి గీత దాటించాడు. తర్వాత 67, 56, 44 గజాల పరుగులు. మొత్తం నాలుగు టచ్‌డౌన్లు, 12 నిమిషాల్లో. ఇలినాయ్ 39–14తో గెలిచింది.

1925 నవంబరు 21న ఒహాయో స్టేట్‌పై చివరి కాలేజీ మ్యాచ్ ఆడాడు. ఐదో రోజున ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు షికాగో బేర్స్ తరఫున డబ్బుకు ఆడాడు, డిగ్రీ పూర్తికాకుండానే. డిసెంబరులో న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌కు అరవై వేలకు పైగా జనం వచ్చారు. అప్పుల్లో ఉన్న న్యూయార్క్ జట్టు జెయింట్స్ ఆ ఒక్క మ్యాచ్ వసూళ్లతో ఊపిరి పీల్చుకుంది. కాలేజీలు మాత్రం భగ్గుమన్నాయి. వాటితో తగవు వద్దనుకున్న లీగ్ 1926లో నియమం పెట్టింది: తన బ్యాచ్ డిగ్రీ పూర్తయ్యేదాకా ఏ విద్యార్థినీ ఏ జట్టూ తీసుకోరాదు. ఆటగాడి మేలుకన్నా కాలేజీలతో సఖ్యతకే అందులో పెద్దపీట వేశారని నా అభిప్రాయం. గ్రాంజ్‌తో లాభపడ్డ లీగే అతని వెనక తలుపు మూసింది.

నిబంధన వల్ల ఆగాల్సిన ఆ ఏళ్లు హాఫ్‌బ్యాక్‌కు ఎంత విలువైనవో గ్రాంజ్ మోకాలే చెబుతుంది. 1927లో, 24 ఏళ్లకే, అది దెబ్బతింది. 1928 అంతా ఆడలేదు. 1929లో బేర్స్‌కు తిరిగొచ్చి 1934 దాకా ఆడాడు, 1933 ఫైనల్లో చివరి టాకిల్‌తో (ప్రత్యర్థిని పట్టి ఆపడంతో) జట్టును గెలిపించాడు కూడా. ఆ మళ్లే వేగం మాత్రం తిరిగి రాలేదు.