‘సంబరం’ తప్పు మాట కాదు

గంగమ్మ జాతర దగ్గరపడేసరికి తిరుపతి ఫ్లెక్సీల మీద పాత పేచీ మళ్లీ మొదలైంది. ‘జాతర సంబరాలు’ అనడం తప్పట, ‘సంభ్రమాలు’ అనాలట. మొన్న ఒక ఫ్లెక్సీ షాపులో రిటైరైన తెలుగు మాస్టారు దగ్గరుండి ‘బర’ చెరిపించి ‘భ్రమ’ పెట్టించారు. కుర్రాళ్లు ఒప్పుకోలేదు. “ఏది వేసేదన్నా?” అని కంప్యూటర్ ముందున్న పిల్లోడు నన్నడిగాడు.

మాట పుట్టింది సంస్కృత ‘సంభ్రమం’ నుంచే. అంతవరకూ మాస్టారిదే రైటు. పలమనేరు దాటి కోలారు వైపు వెళితే కన్నడిగులు ఇప్పటికీ వేడుకను సంభ్రమ అనే అంటారు. ఇక అంబరానికీ దీనికీ చుట్టరికం లేదు. ‘అంబరాన్నంటిన సంబరాలు’ పత్రికల ప్రాస, అంతే.

అసలు మలుపు అర్థంలో ఉంది. సంస్కృతంలో సంభ్రమం అంటే మొదట ఆనందం కాదు. భ్రమణంలో ఉన్న ధాతువే ఇందులోనూ ఉంది, గిరగిరా తిరగడం. దాన్నుంచే తొందర, కలవరం, ఆత్రం. అది సంతోషం ఎలా అయింది? మనం ‘పెళ్లి హడావుడి’ అంటాం కదా, అలాగే. సందడి కూడా జనం కిక్కిరిసిన గోల నుంచే పండగ సందడి అయింది. జాతర చివర ‘విశ్వరూపం’ అనే అమ్మవారి పెద్ద మట్టి ప్రతిమ చెంప తీసినప్పుడు తాతయ్యగుంట గంగమ్మ గుడి ముందు నిలబడి చూడండి. చిటికెడు మట్టి కోసం జనం ఒకరి మీద ఒకరు పడతారు. దొరికినామె దాన్ని కొంగున ముడేసుకుని, చెమటతో, చెదిరిన జుట్టుతో నవ్వుతూ బయటికొస్తుంది. ఆ ముఖంలో ఆత్రమెంతో ఆనందమెంతో ఎవరు విడదీయగలరు?

తెలుగు ఆ మాటను రెండుగా వాడుకుంది. భకారం తేలికపడి, ‘భ్ర’ విడిపోయి ‘బర’ అయి, ఒక మకారం జారిపోయి ‘సంబరం’ వేడుకకు మిగిలింది. ‘సంభ్రమం’ ఆశ్చర్యం పక్కన చేరి ‘సంభ్రమాశ్చర్యాలు’ అయింది. ఇవాళ ఫ్లెక్సీ మీద ‘సంభ్రమాలు’ అని వేస్తే చదివేవాళ్లకు వేడుక తట్టదు, ఏదో వింత జరిగిందనుకుంటారు.

పైగా దాని పక్కనున్న ‘జాతర’ సంగతేంటి? అది యాత్ర. యకారం జకారమై, ‘త్ర’ విడిపోయి ‘తర’ అయింది. భిక్ష బిచ్చమైనట్టే ఇదీ జనం నోట నలిగిన మాటే.

“గంగమ్మ యాత్ర అని మార్పిద్దామా సార్?” అని అడిగాను.

ఆయన కాసేపు స్క్రీన్ వైపే చూశారు. “జాతర జాతరే నాయనా” అన్నారు. పిల్లోడు ‘బర’ మళ్లీ పెట్టాడు.