పున్నాగ అనుకుని ఏం నాటుతున్నాం?

విశాఖలో స్కూళ్లకి, బీచ్ వైపు ఇళ్లకి మొక్కలు నాటించడం నా పని. పొన్న చెట్టు నాటుదామనగానే ప్రతిచోటా ఎదురయ్యే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: పున్నాగే కదా, పొడుగు కాడల పూలు!

అసలు చిక్కంతా ఇక్కడే. మన వైపు చాలామంది పున్నాగపూలు అనేది కాడమల్లెను, అంటే ఆకాశమల్లెను. పిల్లలు ఏరుకుని జడలా అల్లుకునేవి ఆ పూలే. వాసనకి సాటి లేదు గానీ కొమ్మ పెళుసు, గట్టి గాలికి విరుగుతుంది. సముద్రం దగ్గర, పిల్లలు ఆడుకునేచోట నేనది నాటను. సంస్కృతంలో పున్నాగం అంటే పొన్న. గోపికల చీరలు ఎత్తుకెళ్లి కృష్ణుడు ఎక్కి కూర్చున్నాడని మన పెద్దలు చెప్పే పొన్న ఇదే. నర్సరీలో పేరు నమ్మకండి, ఆకు చూడండి. దళసరిగా, నిగనిగలాడుతూ ఎదురెదురుగా జంటలుగా ఉంటుంది. నడి ఈనెకి రెండు వైపులా దువ్వెనతో గీసినట్టు సన్నని ఈనెలు ఒత్తుగా కనిపిస్తాయి. తుంచితే పాలు వస్తాయి. పువ్వులో తెల్ల రేకుల మధ్య పసుపు కేసరాల కుచ్చు ఉంటుంది, మంచి వాసన.

అపోహ: బీచ్ పక్కన సరుగుడు, కొబ్బరి తప్ప ఏదీ బతకదు.

పొన్న పుట్టిల్లే సముద్రతీరం. దాని కాయలు ఉప్పునీళ్ల మీద తేలుతూ పోయి వేరే ఒడ్డున మొలుస్తాయి. ఇసుకనేల, ఉప్పుగాలి దానికి కొత్త కాదు. మొదటి రెండేళ్లు మాత్రం వేసవిలో నీళ్లు తప్పకుండా పోయాలి.

అపోహ: పొన్న నాటితే తుపానుకి భయం లేదు.

ఆ మాట నేనివ్వలేను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి చెట్లను ఏం చేసిందో చూసినవాళ్లం. పొన్న గాలికి బాగా ఓర్చుకుంటుంది, వేరు బాగుంటే. ఒక స్కూల్లో నేను నాటిన మొక్క నాలుగో ఏట మామూలు వానగాలికే ఒరిగిపోయింది. తవ్వి చూస్తే వేళ్లు ఇంకా ప్లాస్టిక్ సంచి ఆకారంలోనే చుట్టుకుని ఉన్నాయి. చాలా బాధేసింది, తప్పు నాదే. అప్పటినుంచి సంచిలో ఏళ్ల తరబడి మగ్గిన మొక్క కొనడం మానేశాను. సంచి పూర్తిగా చింపి, గుండ్రంగా తిరిగిన వేళ్లు కత్తిరించాకే గుంటలో పెడతాను. మొదలు చుట్టూ సిమెంటు వేస్తామంటే ఒప్పుకోను.

అపోహ: గింజ పాతితే వారంలో మొలక.

పెంకు చాలా గట్టి. పెంకుతో పాతితే రెండు నెలల దాకా ఆగాలి. లోపలి పప్పు దెబ్బతినకుండా పెంకు తీసేస్తే మూడు వారాలకి అటూఇటూగా మొలుస్తుంది. తర్వాత కూడా ఎదుగుదల నిదానమే. రెండేళ్లలో నీడ కావాలనుకునే స్కూలుకి ఈ సంగతి ముందే చెప్పేస్తాను.

అపోహ: ఎప్పుడూ పచ్చగా ఉంటుంది కాబట్టి ఆకు రాలదు.

రాలుతుంది. ఒక్కసారిగా బోడి కాదంతే. పండుటాకులు ఏడాది పొడవునా కొద్దికొద్దిగా పడుతుంటాయి. కాల్చకండి, ఊడ్చి చెట్టు మొదలు చుట్టూనే కప్పండి.

అపోహ: పొన్న కాయని బాదంకాయలాగే తినొచ్చు.

వద్దు. ఆ గింజల నూనెతో దీపాలు పెట్టేవారు, పడవ చెక్కలకి పూసేవారు. అది తినే నూనె కాదు. చెట్టు పాలు కంట్లో పడినా ప్రమాదమే. గుండ్రటి కాయలతో పిల్లలు ఎలాగూ గోళీలాడతారు, ఆడనివ్వండి. నోట్లో పెట్టుకోవద్దని, ఆడాక చేతులు కడుక్కోవాలని టీచర్లు మొక్క నాటిన రోజే చెప్పాలి.