డ్రైవర్ మారితే పాత గేము ఎందుకు పడిపోతుంది?

గ్రాఫిక్స్ కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్, అంటే గ్రాఫిక్స్ డ్రైవర్, అప్‌డేట్ చేయగానే నిన్నటిదాకా నడిచిన గేమో, డిజైన్ సాఫ్ట్‌వేరో తెరుచుకోకపోతే అందరం డ్రైవర్‌నే తిడతాం. నిజానికి చాలాసార్లు లోపం పాత ప్రోగ్రాంలోనే ఉంటుంది. ఏళ్ల తరబడి దాన్ని కాపు కాస్తూ వచ్చింది డ్రైవరే.

తెరమీద ఏం గీయాలో ప్రోగ్రాం డ్రైవర్‌కు చెప్పే ఆదేశాల భాషలుగా 1992లో సిలికాన్ గ్రాఫిక్స్ కంపెనీ ఓపెన్‌జీఎల్‌ను, 1996లో మైక్రోసాఫ్ట్ డైరెక్ట్‌3డీని తెచ్చాయి. అదే 1996లో వూడూ కార్డుతో వచ్చిన 3డీఎఫ్‌ఎక్స్ కంపెనీ తన కార్డులకు మాత్రమే పనికొచ్చే గ్లైడ్‌ను ముందుకు తోసింది. 2000 చివర్లో ఆ కంపెనీ చేతులెత్తేసి ఆస్తులను ఎన్‌విడియాకు అమ్ముకుంది. గ్లైడ్‌ను నమ్ముకున్న గేములు దిక్కులేనివయ్యాయి. ఆ ఆదేశాలను డైరెక్ట్‌3డీలోకి మార్చే 'రాపర్' ప్రోగ్రాములను ఔత్సాహికులు రాయబట్టే అవి ఇప్పటికీ ఆడుతున్నాయి.

ఓపెన్‌జీఎల్ గేముల కథ వేరు. గేము మొదలవగానే 'నీ దగ్గర ఏయే అదనపు సౌకర్యాలున్నాయి?' అని డ్రైవర్‌ను అడుగుతుంది. డ్రైవర్ ఆ పేర్లన్నీ ఒకే పొడవాటి వాక్యంగా కూర్చి ఇస్తుంది. క్వేక్ కాలం నాటి కొన్ని గేములు దాన్ని ముందే కొలిచిపెట్టుకున్న బఫర్‌లోకి (మెమరీలో కేటాయించుకున్న చోటులోకి), పడుతుందో లేదో చూడకుండా, కాపీ చేసుకునేవి. అప్పట్లో సౌకర్యాలు కొద్ది కాబట్టి సరిపోయింది. కొత్త డ్రైవర్లలో జాబితా వందల పేర్లకు పెరిగింది, బఫర్ పొంగింది, గేము మొదలవుతూనే క్రాష్. ఇందులో డ్రైవర్ చేసిన తప్పేమీ లేదు! 2008లో ఓపెన్‌జీఎల్ 3.0 పేర్లను ఒక్కొక్కటిగా అడిగే పద్ధతి తెచ్చింది గానీ, ఎప్పుడో అమ్ముడుపోయిన గేముకు అది తెలిసేదెలా? అందుకే లైనక్స్‌లో వాడే మెసా డ్రైవర్లలో ఒక సెట్టింగ్ పెట్టారు. ఫలానా ఏడాది అని చెబితే ఆ తర్వాత వచ్చిన సౌకర్యాలను జాబితాలో చూపించదు. ఇంత శ్రద్ధ తీసుకున్నవాళ్లకు దండం పెట్టాలి.

2007లో వచ్చిన విండోస్ విస్టాతో డ్రైవర్ల నిర్మాణమే మారిపోయింది. డ్రైవర్‌లో పెద్ద భాగాన్ని సిస్టమ్ గుండెకాయలాంటి కెర్నెల్ బయటికి తెచ్చారు, ఒక క్రాష్‌కు సిస్టమ్ మొత్తం పడిపోకూడదని. ఆలోచన మంచిదే, డ్రైవర్లే సిద్ధంగా లేవు. ఆ ఏడాది నమోదైన విస్టా క్రాషుల్లో దాదాపు 29 శాతం ఎన్‌విడియా డ్రైవర్ల ఖాతాలో పడినట్టు తర్వాత కోర్టు పత్రాల్లో బయటపడింది.

2015లో డైరెక్ట్‌ఎక్స్ (డైరెక్ట్‌3డీ ఇందులో భాగమే) 12, 2016లో ఓపెన్‌జీఎల్‌కు వారసుడిగా వల్కన్ వచ్చాక మెమరీ నిర్వహణలాంటి బరువు డ్రైవర్ నుంచి ప్రోగ్రాం మీదికి మారింది. డ్రైవర్ తేలికైంది. పాత గేముల సంగతే మళ్లీ ప్రశ్నార్థకమైంది. 2022లో ఇంటెల్ ఆర్క్ కార్డులు డైరెక్ట్‌ఎక్స్ 9కు సొంత డ్రైవర్ లేకుండానే వచ్చాయి. ఆ ఆదేశాలను డైరెక్ట్‌ఎక్స్ 12లోకి అనువదించి నడిపారు. పాత గేములు బాగా నెమ్మదించాయి. ఆ తర్వాత కొన్ని గేముల కోసం ఇంటెల్ తన విండోస్ డ్రైవర్‌లోకి తీసుకున్నది డీఎక్స్‌వీకేను. అది లైనక్స్ మీద విండోస్ గేములు ఆడుకోవడానికి పుట్టిన ఓపెన్‌సోర్స్ కోడ్.