14 టిక్కుల గీత: ‘డాష్’ వివాదం ఎక్కడ మొదలైంది?

ఇంగ్లండ్, వేల్స్‌లలో గృహహింస బాధితులకు ప్రాణాపాయం ఎంత ఉందో అంచనా వేయడానికి పోలీసులు వాడే ‘డాష్’ (గృహహింస, వెంటాడటం, వేధింపులు, పరువు పేరిట హింసలకు సంబంధించిన) ప్రశ్నావళిపై మళ్లీ దుమారం రేగింది. ఆ విధానంలో స్పష్టమైన లోపాలున్నాయని 2025లో బ్రిటన్ మంత్రి జెస్ ఫిలిప్స్ స్వయంగా అంగీకరించారు. ప్రాణాలు కోల్పోయిన మహిళల కుటుంబాలు మాత్రం ఈ మాట ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నాయి. తమ బిడ్డ పోలీసులను పిలిచిందని, వాళ్లు వచ్చి ప్రశ్నలడిగి ‘స్టాండర్డ్’ (సాధారణ ప్రమాదం) అనో ‘మీడియం’ (మధ్యస్థ ప్రమాదం) అనో రాసుకుని వెళ్లారని, ఆ ఒక్క మాటతో ఆమెకు దక్కాల్సిన సాయం దక్కకుండా పోయిందని వారి ఆవేదన.

ఈ వేదనకు మూలం ప్రశ్నల్లో కంటే, ఎవరికి సాయం, ఎవరికి కాదు అని తేల్చేందుకు ఆ ప్రశ్నలకు ముడిపెట్టిన గీతలో ఉంది. 2003లో వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో ‘మరాక్’ అనే బహుళ సంస్థల ప్రమాద అంచనా సమావేశాలు మొదలయ్యాయి. పోలీసులు, వైద్య సిబ్బంది, గృహవసతి అధికారులు, పిల్లల సంరక్షణ విభాగం, బాధితుల తరఫున నిలబడే సలహాదారులు ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒక్కో మహిళ భద్రత గురించి మాట్లాడుకోవడం నిజంగా గొప్ప ముందడుగు. అయితే అంతమంది సమయం అందరికీ కేటాయించడం సాధ్యం కాదు కనుక, అత్యధిక ప్రమాదంలో ఉన్నవారినే ఆ బల్ల దాకా తీసుకువెళ్లాలని నిర్ణయించారు. మరి ఆ అత్యధిక ప్రమాదాన్ని గుర్తించేది ఎలా? 2009 నుంచి పోలీసు బలగాల్లో విస్తృతంగా అమల్లోకి వచ్చిన డాష్‌లోని 27 ప్రశ్నలు దానికి జవాబయ్యాయి. 14 ప్రశ్నలకు ‘అవును’ అన్న సమాధానం (అంటే 14 టిక్కులు) వస్తే ‘హై’గా, అంటే అత్యధిక ప్రమాదంగా పరిగణించడం ఆనవాయితీగా మారింది.

బాధితురాలితో సంభాషణ మొదలుపెట్టడానికి ఉద్దేశించిన కాగితం లెక్కల పట్టికగా మారింది అక్కడే. ఆమె ఒంటరితనంలోకి నెట్టబడిందా, ఏడాదిలోపు విడిపోవడానికి ప్రయత్నించిందా, అతను ఎప్పుడైనా ఆమె గొంతు నులిమాడా అన్న ప్రశ్నలన్నీ అందులో ఉన్నాయి. గొంతు నులమడం తర్వాతి హత్యకు ఎంత బలమైన సంకేతమో ఈ రంగంలో పనిచేసేవారందరికీ తెలుసు. లెక్క దగ్గర మాత్రం దానికీ ఒక టిక్కే, డబ్బు ఇబ్బందులున్నాయా అన్న ప్రశ్నకూ ఒక టిక్కే. పైగా కొట్టినవాడు పక్క గదిలో ఉండగా, ఏడుస్తున్న పిల్లల మధ్య, ముక్కూమొహం తెలియని అధికారికి ఆమె ఎన్ని ‘అవును’లు చెప్పగలదు?

టిక్కుల సంఖ్య తక్కువైనా తమ విచక్షణతో ‘హై’ అని నిర్ణయించే అధికారం సిబ్బందికి ఉందని, లోపం ఫారంలో కాక శిక్షణలో ఉందని పోలీసు వర్గాల వాదన. మార్గదర్శకాల మేరకు అది నిజమే. కానీ 2014లో పోలీసు తనిఖీ సంస్థ ఈ అంచనాలు ఒక్కో బలగంలో ఒక్కో తీరుగా సాగుతున్నాయని ఎత్తిచూపింది. 2019లో వెలువడిన ఒక విశ్వవిద్యాలయ అధ్యయనం ఇంకా కలవరపెట్టింది: మళ్లీ తీవ్ర హింస జరిగిన కేసుల్లో అత్యధికం అంతకుముందు ‘హై’ అనిపించుకోనివే.

ఐదో ప్రశ్న గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు ఉన్నాయా అని అది అడుగుతుంది. 2023 మార్చితో ముగిసిన ఏడాదిలో గృహహింస నేపథ్యంలో ఆత్మహత్యగా అనుమానించిన బాధితుల మరణాలు 93గా నమోదు కాగా, భాగస్వాముల చేతుల్లో జరిగిన హత్యలు 80. తలుపు బద్దలుకొట్టి వచ్చేవాడి కోసం తయారైన లెక్కలో, లోపలే కూలిపోతున్న మనిషి కనిపించడం కష్టం. ఇలాంటి మరణాలపై సమీక్షలకు ‘గృహ హత్యల సమీక్ష’ అన్న పేరును మార్చి, గృహహింసతో ముడిపడిన మరణాలన్నిటినీ సూచించే పేరు పెట్టాలని 2024 చట్టం నిర్దేశించడం వెనుక ఉన్నది ఈ వాస్తవమే.

ప్రత్యామ్నాయం లేకపోలేదు. పోలీసు ప్రమాణాల సంస్థ కాలేజ్ ఆఫ్ పోలీసింగ్ రూపొందించిన ‘దారా’ అనే మరో ప్రమాద అంచనా ప్రశ్నావళి అవును–కాదులతో సరిపెట్టుకోదు. ఒక్కో చర్య ఎంత తరచుగా జరుగుతోందని అడుగుతుంది, బాధితురాలి జీవితాన్ని అదుపులో పెట్టుకునే, 2015లో నేరంగా మారిన నియంత్రణ–బలవంతపు ప్రవర్తనను పట్టుకోవడానికి ప్రయత్నిస్తుంది. అయితే దారా చివర కూడా స్టాండర్డ్, మీడియం, హై అన్న మూడు గడులే ఉన్నాయి, మరాక్ బల్ల ఇప్పటికీ ప్రధానంగా మూడో గడివారికే. ఫారం మార్చాలా వద్దా అన్న వాదన ఎంత సాగినా, మీడియం అని రాసిన రాత్రి ఆ ఇంటికి ఎవరు వెళ్లాలి, మర్నాడు ఎవరు ఫోన్ చేయాలి అని కుటుంబాలు అడుగుతున్నదానికి ఇప్పటివరకు ఏ ప్రభుత్వమూ సూటిగా జవాబివ్వలేదు.